కడప చెట్ల నిండా గూడబాతులే

చెరువు కనిపించకముందే వినిపిస్తుంది. కట్ట ఎక్కుతుండగానే గరగరమనే గొంతులు, ముక్కులు టకటకలాడే చప్పుడు. వెంటనే చేపల నీచు, రెట్టల ఘాటు. మా చిన్నది ముక్కు మూసుకుంటుంది. "కాసేపు ఓపిక పట్టు పాపా, అలవాటైపోద్ది," అంటాడు కట్ట మీది వాచర్.

ఆయనన్నట్టే అవుతుంది. నేలపట్టు చెరువు నీళ్లలోంచి లేచిన కడప చెట్ల తలలన్నీ రెట్టలతో సున్నం కొట్టినట్టున్నాయి. ఏ కొమ్మ చూసినా గూడబాతులే. సందు దొరికిన చోటల్లా నత్తగుల్ల కొంగలు, నీటికాకులు.

2025 జనవరి. సంక్రాంతి వెళ్లి వారం కాలేదు. 2020 తర్వాత ఆగిపోయిన ఫ్లెమింగో ఫెస్టివల్ మళ్లీ ఇప్పుడు జరుగుతోంది. సూళ్లూరుపేట కాలేజీ మైదానంలో స్టాళ్లు, స్టేజీ, పాటలు. భీములవారిపాలెంలో పడవ షికారు. వాటిని సాయంత్రానికి వదిలేసి పొద్దున్నే ఇక్కడికి రావడమే మంచిదైంది.

టెలిస్కోప్ దగ్గర అత్తయ్య వంతు వస్తుంది. "అమ్మాయ్, ఇటు రా! పిల్ల దాని గొంతులో తల దూర్చేసిందే!" నేనూ కన్ను పెడతాను. పెద్ద పక్షి నోరు తెరిచి నిలబడింది. తల్లో తండ్రో చెప్పలేం, ఇద్దరూ మేపుతారు. ముక్కు మీద వరసగా చుక్కలు, కింద సాగి వేలాడే సంచి. పిల్ల మెడదాకా లోపలికి దూరి, రెక్కలు కొట్టుకుంటూ, సగం అరిగిన చేపల్ని లాక్కుంటోంది. బయటికొచ్చిన తల తడితడిగా ఉంది. మళ్లీ దూర్చింది.

పక్కనే నిలబడ్డ ఊరి పెద్దాయన వీటిని దేవతా పక్షులంటాడు. "ఇవి రాని ఏడు పైరూ సరిగా రాదమ్మా." ఆ మాటలో లెక్క ఉంది. వాన పడి చెరువు నిండితేనే గూళ్లు కడతాయి. చెట్ల కింద పడే రెట్ట నీళ్లలో కలిసి, ఆ నీళ్లే పొలాలకు పారతాయి. ఇన్ని గూళ్లు ఇక్కడ మిగిలాయంటే, ఈ ఊరివాళ్లు రాయి విసరనివ్వకుండా కాచుకున్నందుకే. వాళ్లకు ఎంత దండం పెట్టినా తక్కువే.

మధ్యాహ్నం శ్రీహరికోట రోడ్డు. అటూ ఇటూ పులికాట్ సరస్సు నీళ్లు, దూరాన గులాబీ గీత. బైనాక్యులర్ పెడితే ఆ గీత కాళ్లు, మెడలుగా విడిపోతుంది. ఫ్లెమింగోలు తల కిందులుగా నీళ్లలో ముంచి నడుస్తున్నాయి. నాలుకతో నీళ్లు తోడి, ముక్కు అంచుల్లోని జల్లెడలో తిండి ఆపుకుంటాయి. నాచు, చిన్న రొయ్యల నుంచే ఆ రంగు. "మరి అవి బూడిద రంగులో ఉన్నాయేం?" అంటాడు మా పెద్దవాడు. అవి ఇంకా రంగు పట్టని పిల్లలు.

ఒక కుర్రాడు వీడియో కోసం చప్పట్లు కొట్టబోతాడు. వలంటీరు చేస్తున్న కాలేజీ అమ్మాయి గబగబా అడ్డొస్తుంది. "వద్దన్నా. లేపిన ప్రతిసారీ అవి తిన్నదంతా ఎగరడానికే ఖర్చయిపోతుంది." తన బైనాక్యులర్ తీసి అతని చేతిలో పెడుతుంది. చెయ్యెత్తి మొక్కాలనిపించింది నాకు.

మేం వచ్చిన బస్సు హారన్ కొట్టకుండా కండక్టర్ చెయ్యూపి పిలుస్తున్నాడు. "అమ్మా, ఇంకో బస్సు ఉందేమో అడుగు," అంటోంది చిన్నది, కళ్లమీది బైనాక్యులర్ తియ్యకుండానే.