గుఱ్ఱపుడెక్క

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించెను. అచ్చటి శాసనము కాకతీయ వంశావళిని దెలుపుటచే చరిత్రకారులకు మిక్కిలి ప్రియమైనది. ఆ కాలమువారు చెరువు త్రవ్వి యూరకుండలేదు. దాని మరమ్మతునకై దశబంధ మాన్యముల నేర్పఱచెడివారు. పూడికయు గండియు వా రెఱిగిన శత్రువులు. గుఱ్ఱపుడెక్కను మాత్రము వా రెఱుగరు.

ఈ మొక్క పుట్టినిల్లు దక్షిణ అమెరికా. దాని ఊదాపూవునకు ముచ్చటపడి 19వ శతాబ్దాంతమున వంగదేశమునకు దెచ్చిరి. నలువదియేండ్లలో అది అచ్చటి కాలువలను, వరిపొలములను గప్పివేసెను. తుదకు 1936లో చట్టము చేసి, ఇంటి పరిసరముల దానిని ఉంచరాదనియు, పెఱికివేతకు తోడ్పడుట పౌరధర్మమనియు శాసించిరి. ఒక పూలమొక్క కొఱకు శాసనసభ కూర్చుండవలసి వచ్చెను గదా!

జనగామ ప్రాంతపు చెరువొకదానిలో బెస్తలు దీనిని పెఱుకుచుండగా మేము చూచితిమి. వలవేయుటకు జానెడు చోటు లేదు. పెఱికినదానిని కట్టవాలున కుప్పవేసిరి. తొలకరివానకే సగము మరల నీట జాఱెను. తెగినముక్క పిలకవేయును, విత్తనము బురదలో ఏండ్లతరబడి జీవించును. 2015లో మిషన్ కాకతీయ క్రింద పూడిక తీసిన చెరువులలో ఆ విత్తనములును కొంత తొలగియుండును. ఇంతకుమున్ను, 1980ల నాడు, దీనినే తిని బ్రతుకు ముక్కుపురుగులను బెంగుళూరు చెరువులలో విడిచి, కొన్నియేండ్లలో కలుపును చాలవఱకు అణచిరి. అట్టి పురుగు నిచ్చట విడువరాదా యని మే మొక వృద్ధుని నడిగితిమి.

అతడు ఎగువకు చేయి చూపి, "ఊరి మోరీ అంతా ఇండ్లకే వస్తున్నది సారూ. ముందు దాన్ని ఎవరు ఆపుతరు?" అనెను.