సర్కారు పని, పార్టీ పందేరం: అమెరికాలో ఒక పాత భయం

1938లో థామస్ స్టోక్స్ అనే విలేకరి కెంటకీ రాష్ట్రం ఊరూరా తిరిగారు. స్క్రిప్స్-హోవర్డ్ పత్రికలకు వాషింగ్టన్ నుంచి వార్తలు రాసేవారాయన. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంస్కరణల మీద సానుభూతి ఉన్న మనిషే. కెంటకీలో అప్పుడు సెనేట్ సీటు కోసం డెమోక్రటిక్ పార్టీ లోపలే హోరాహోరీ పోటీ నడుస్తోంది. ఒక పక్క రూజ్‌వెల్ట్ అండ ఉన్న సెనేటర్ ఆల్బెన్ బార్క్లీ, ఇంకో పక్క రాష్ట్ర గవర్నర్ ‘హ్యాపీ’ చాండ్లర్. నిరుద్యోగులకు పని కల్పించే కేంద్ర సంస్థ వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ (అందరూ డబ్ల్యూపీఏ అనేవారు) బార్క్లీ ప్రచారయంత్రంగా మారిపోయిందని స్టోక్స్ వరుస కథనాలు రాశారు. సంస్థ అధికారులు ఆ ఆరోపణల్లో చాలావాటిని తోసిపుచ్చారు. బార్క్లీ గెలిచారు. మరుసటి ఏడాది స్టోక్స్‌కు పులిట్జర్ బహుమతి వచ్చింది.

ప్రభుత్వం మాంద్యంలో డబ్బు కుమ్మరిస్తే అది అధికార పార్టీ చేతిలో ఓట్ల సంచి అవుతుందన్నది అమెరికా సంప్రదాయవాదులు తరతరాలుగా వినిపిస్తున్న ఆందోళన. దీన్ని ధనవంతుల సణుగుడుగా కొట్టిపారేసేవాళ్లు మనలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ భయంలో ఒక గట్టి నిజం ఉంది: వేరే కూడు దొరకని మనిషి, పని ఇచ్చినవాడు ఓటు అడిగితే కాదనలేడు. ఆ నిజాన్ని ఎవరు, ఎప్పుడు, ఎంత నిజాయితీగా పట్టుకున్నారన్నదే ఈ చరిత్రలో అసలు విషయం.

మొదట్లో ఇవి రెండు వేర్వేరు భయాలు. ఒకటి ఖర్చు గురించి, రెండోది కొలువుల గురించి. రోడ్లు, కాలువలు తవ్వించడానికి కేంద్రానికి రాజ్యాంగం అధికారం ఇవ్వలేదంటూ 1817లో అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ ఒక బిల్లును తిప్పిపంపారు. 1830లో ఆండ్రూ జాక్సన్ కూడా మేస్‌విల్ రోడ్డు బిల్లును వీటో చేశారు. ఆ రోడ్డు వేయాల్సింది కెంటకీలో, అంటే ఆయన ప్రత్యర్థి హెన్రీ క్లే సొంత రాష్ట్రంలో. ఖర్చు విషయంలో అంత కట్టుదిట్టంగా ఉన్న ఇదే జాక్సన్, 1829లో గద్దెనెక్కగానే పాత ఉద్యోగులను తీసి తన పార్టీవాళ్లను పెట్టుకున్నారు. గెలిచినవాడికే కొలువులన్నీ అన్న పద్ధతి ఆయన హయాంలోనే బాహాటమైంది. దానికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. తనకు ఉద్యోగం ఇవ్వలేదన్న కక్షతో ఛార్లెస్ గిటో అనే వ్యక్తి 1881 జులైలో అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను తుపాకీతో కాల్చాడు. సెప్టెంబరులో గార్ఫీల్డ్ కన్నుమూశారు. 1883లో పెండిల్టన్ చట్టం వచ్చింది. కేంద్రంలో కొన్ని ఉద్యోగాలను, మొదట పదింట ఒక వంతును మాత్రమే, పరీక్ష పెట్టి భర్తీ చేయాలన్నది దాని సారం.

1929 తర్వాతి మహామాంద్యం ఈ రెండు భయాలనూ కలిపేసింది. అయితే ఖజానా సొమ్ము సొంత మనుషులకు పోతోందన్న కేక మొదట వినిపించింది రిపబ్లికన్ల నుంచి కాదు, వాళ్ల మీదే. రిపబ్లికన్ అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ 1932లో బ్యాంకులకు, రైల్వేలకు అప్పులిచ్చేందుకు పునర్నిర్మాణ ఆర్థిక సంస్థను పెట్టారు. దాని అధ్యక్షుడు ఛార్లెస్ డాస్ కాల్విన్ కూలిడ్జ్ దగ్గర ఉపాధ్యక్షుడిగా చేసిన రిపబ్లికన్. ఆయన జూన్‌లో ఆ పదవి వదిలారు. కొద్ది వారాల్లోనే చికాగోలోని ఆయన బ్యాంకుకు అదే సంస్థ నుంచి 9 కోట్ల డాలర్ల రుణం మంజూరైంది. ఊళ్లలో ఆకలితో ఉన్నవాళ్లకు పైసా ఇవ్వడానికి వెనకాడిన ప్రభుత్వం అది. దేశమంతా మండిపడిందంటే ఆశ్చర్యం లేదు.

1935లో కాంగ్రెస్ సహాయ పనుల కోసం దాదాపు 488 కోట్ల డాలర్లు కేటాయించింది. చరిత్రలో అంతకుముందు శాంతికాలంలో ఏ అధ్యక్షుడి చేతికీ అంత సొమ్ము ఒక్కమొత్తంగా రాలేదు. ఏ రాష్ట్రానికి ఎంత, ఏ పనికి ఎంత అన్నది చాలావరకు రూజ్‌వెల్ట్ ఇష్టానికి వదిలేశారు. వర్జీనియా సెనేటర్లు కార్టర్ గ్లాస్, హ్యారీ బర్డ్ లాంటి దక్షిణాది డెమోక్రాట్లు బెదిరింది అంకె చూసి మాత్రమే కాదు, ఆ విచక్షణాధికారాన్ని చూసి. ఆ రోజుల్లో సంప్రదాయవాదులంటే రిపబ్లికన్లే కాదని గుర్తుంచుకోవాలి. రూజ్‌వెల్ట్ సొంత పార్టీలోనే వాళ్లు బలంగా ఉండేవారు. ఆ మాటకొస్తే రూజ్‌వెల్ట్ కూడా 1935 జనవరిలో కాంగ్రెస్ ముందు ప్రసంగిస్తూ ఊరకే ఇచ్చే సహాయం మనిషి ఆత్మను కుంగదీసే మత్తుమందు వంటిదని అన్నారు. అందుకే డబ్బు పంచడం మాని పని ఇచ్చారు.

ఆ పని గొప్పది. ఎనిమిదేళ్లలో 85 లక్షల మందికి కూలి దొరికింది. 1938 చివర్లో ఒకే సమయంలో 33 లక్షల మంది డబ్ల్యూపీఏ మస్టర్లలో ఉన్నారు. బడులు, వంతెనలు, విమానాశ్రయాలు లేచాయి. నటులకు, రచయితలకు, చిత్రకారులకు కూడా జీతాలిచ్చారు. సంస్థను నడిపిన హ్యారీ హాప్కిన్స్ అయోవా నుంచి వచ్చిన సాంఘిక సేవకుడు. రాజకీయాలను దూరంగా ఉంచాలనే ఆయన మొదట పట్టుబట్టారు. సంస్థలో దర్యాప్తు విభాగం పెట్టారు. కానీ ఏటా 5,000 డాలర్లు, ఆపైన జీతం తీసుకునే అధికారులకు సెనేట్ ఆమోదం తప్పనిసరి అని కాంగ్రెస్ మెలిక పెట్టింది. దాంతో రాష్ట్రాల్లో పెద్ద కుర్చీలు సెనేటర్ల చెప్పుచేతల్లోకి వెళ్లాయి. రాజకీయాల గురించి సెనేట్‌లో గొంతు చించుకున్నవాళ్లే ఆ తలుపు తెరిచిపెట్టారు.

ఆ తలుపులోంచి ఎవరు దూరారో చూడాలంటే మిస్సోరీకి వెళ్లాలి. కాన్సస్ సిటీని శాసించిన టామ్ పెండర్‌గాస్ట్ ఏ పెద్ద పదవీ లేకుండానే ఎవరు గెలవాలో నిర్ణయించేవాడు. ఆయనకు రెడీమిక్స్ కాంక్రీటు కంపెనీ ఉండేది. నగరంలో ప్రభుత్వ పని ఏది జరిగినా కాంక్రీటు అక్కడి నుంచే వచ్చేది. మిస్సోరీలో డబ్ల్యూపీఏ అధిపతిగా కూర్చున్న మాథ్యూ మరే ఆయన మనిషే. పనికి కుదరాలంటే ఎవరి చీటీ కావాలో ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు. చివరకు ఇద్దరూ ఆదాయపు పన్ను ఎగవేత కేసుల్లో దోషులుగా తేలారు. డబ్ల్యూపీఏలో జరిగినదానికి కాదు, పన్ను కట్టనందుకు. ఓటరును బెదిరించడం అప్పటికింకా సరిగ్గా నేరంగానే లేదు మరి.

1938లో అన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. హాప్కిన్స్ సహాయకుడు ఆబ్రీ విలియమ్స్ నిరుద్యోగుల సంఘం సభలో మన మిత్రులనే అధికారంలో నిలబెట్టుకోవాలని మాట్లాడి అల్లరిపాలయ్యాడు. సెనేటర్ మోరిస్ షెపర్డ్ కమిటీ విచారణ జరిపి కెంటకీలో రెండు పక్షాలూ ఉద్యోగుల దగ్గర డబ్బు గుంజాయని తేల్చింది: బార్క్లీ పక్షం కేంద్ర ఉద్యోగుల నుంచి, చాండ్లర్ పక్షం రాష్ట్ర ఉద్యోగుల నుంచి. పెన్సిల్వేనియాలో కూలీలను పార్టీ మార్చుకొమ్మని ఒత్తిడి చేసిన సంగతీ బయటికొచ్చింది. పన్నులు వేస్తూ, ఖర్చు చేస్తూ, గెలుస్తూ పోదామని హాప్కిన్స్ ఎవరితోనో అన్నాడన్న కథ అప్పుడే పుట్టింది. ఆయన అనలేదని గట్టిగా ఖండించారు. అయినా ఆ మాట ఎనభై ఏళ్లు దాటినా ఆయన మెడకు వేలాడుతూనే ఉంది, ఇది ఆయనకు జరిగిన అన్యాయం. అదే నవంబరులో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో 81 సీట్లు పెంచుకున్నారు. గాలప్ సంస్థ రూజ్‌వెల్ట్ ప్రభుత్వం చేసిన గొప్ప పనేమిటని, చెడ్డ పనేమిటని జనాన్ని అడిగితే రెండింటికీ వచ్చిన జవాబుల్లో సహాయ పనులే ముందు నిలిచాయి. జనం తెలివితక్కువగా చెప్పిన జవాబు కాదది.

న్యూ మెక్సికో డెమోక్రాట్ సెనేటర్ కార్ల్ హ్యాచ్ ఈ చరిత్రలో నేను అందరికంటే ఎక్కువగా గౌరవించే మనిషి. సహాయ పనులు ఆపేయమని ఆయన అనలేదు. వాటి మీద ఓటు బేరం జరగకూడదన్నారు. 1938లో ఆయన తెచ్చిన సవరణను సెనేట్ ఓడించింది. మరుసటి ఏడాది మళ్లీ తెచ్చి గెలిచారు. 1939 ఆగస్టు 2న రూజ్‌వెల్ట్ సంతకం చేశారు. ఓటు కోసం పని ఇస్తామని ఆశపెట్టడం, ఇవ్వమని బెదిరించడం, సహాయం పొందేవాళ్ల దగ్గర పార్టీ చందా అడగడం ఆ రోజు నుంచి నేరాలయ్యాయి. రోడ్లూ ఆగలేదు, కూలీ ఆగలేదు.

అయినా డబ్బు ఎటు పోయిందన్న ప్రశ్న చావలేదు. తలసరిన చూస్తే పేద దక్షిణాది కంటే నెవాడా వంటి పడమటి రాష్ట్రాలకు చాలా ఎక్కువ ముట్టింది. ఎన్నికల్లో ఎటైనా మొగ్గగల రాష్ట్రాలకే ఎక్కువ వెళ్లిందని ఆర్థిక చరిత్రకారుడు గావిన్ రైట్ 1974లో లెక్కలతో వాదించారు. రాష్ట్రాలు తమ వాటా డబ్బు పెట్టగలిగితేనే కేంద్రం సొమ్ము వచ్చేదని, కాబట్టి కారణం రాజకీయం మాత్రమే కాదని జాన్ వాలిస్ తర్వాత వాదించారు. ఆ చర్చ ఇప్పటికీ తెగలేదు.

యుద్ధం రావడంతో నిరుద్యోగం పోయింది, 1943లో డబ్ల్యూపీఏ మూతపడింది. తర్వాతి ముప్పై ఏళ్లు ఈ భయం పెద్దగా వినిపించలేదు. దానికి మళ్లీ ఊపిరి పోసింది విద్యావేత్తలు. జేమ్స్ బుకానన్, రిచర్డ్ వాగ్నర్ కలిసి 1977లో ‘డెమోక్రసీ ఇన్ డెఫిసిట్’ అనే పుస్తకం రాశారు. మాంద్యంలో అప్పు చేసి ఖర్చు పెట్టు, మంచి రోజుల్లో తీర్చు అన్న ఆర్థికవేత్త కీన్స్ సలహాను నాయకులు సగమే పాటిస్తారని వాళ్ల వాదన. ఖర్చు పెట్టడం ఓట్లు తెస్తుంది, తీర్చడం ఓట్లు పోగొడుతుంది కదా. 1986లో బుకానన్‌కు నోబెల్ వచ్చింది. నన్నడిగితే ఖర్చు మీద వచ్చిన విమర్శల్లో అన్నిటికంటే పదునైనది ఇదే. పార్టీ ఏదైనా వర్తిస్తుంది. 1970ల్లోనే అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో మొదలైన సీటా పథకం కింద పురపాలికలకు ఉద్యోగాల డబ్బు ఇచ్చారు. స్థానిక నాయకులు తమవాళ్లను నింపుతున్నారన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 1978లో నిబంధనలు బిగించారు. రీగన్ వచ్చాక ఆ కొలువులనే ఎత్తేశారు.

కొలువుల పందేరం విషయంలో సంప్రదాయవాదులంతా ఒక్కమాట మీద లేరు. ఇల్లినాయ్ రాష్ట్రంలో రిపబ్లికన్ గవర్నర్ హయాంలో పార్టీ చూసి ఉద్యోగాలు, పదోన్నతులు ఇస్తున్నారన్న కేసు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. అది రాజ్యాంగ విరుద్ధమని కోర్టు ఒక్క ఓటు తేడాతో చెప్పింది. దాన్ని వ్యతిరేకిస్తూ, పార్టీలు బలంగా నిలవడానికి ఈ ఆనవాయితీ పనికొస్తుందని వాదించింది సంప్రదాయవాదుల ఆరాధ్య న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియా. ఆ తీర్పులో ఆయన పక్షం నాకు రుచించదు. ఇక 2005 నాటి రహదారి చట్టంలో సభ్యులు తమ నియోజకవర్గాల కోసం చొప్పించుకున్న పనులు ఆరు వేలకు పైనే. అలాస్కాలో యాభై మంది ఉండే గ్రావినా ద్వీపానికి వంతెన కోసం 22.3 కోట్ల డాలర్లు వాటిలో ఒకటి. అప్పుడు సభలు రెండూ రిపబ్లికన్లవే, సంతకం జార్జ్ బుష్‌ది.

2009 ఫిబ్రవరి 17న బరాక్ ఒబామా 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన చట్టం మీద సంతకం చేశారు. ప్రతినిధుల సభలో ఒక్క రిపబ్లికన్ కూడా మద్దతివ్వలేదు, సెనేట్‌లో ముగ్గురే ఇచ్చారు. అందులో ఇంచుమించు మూడో వంతు పన్ను రాయితీలే అయినా పాత భయం కొత్త గొంతులతో తిరిగొచ్చింది. రిపబ్లికన్ల తరఫున ఒబామాకు జవాబు చెప్పింది లూసియానా గవర్నర్, భారత సంతతికి చెందిన బాబీ జిందాల్. దక్షిణ కరోలినా గవర్నర్ మార్క్ శాన్‌ఫర్డ్ తన రాష్ట్రానికి వచ్చే సుమారు 70 కోట్ల డాలర్లను అప్పు తీర్చడానికి ఇవ్వకపోతే వద్దే వద్దన్నారు. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆయన చేత దరఖాస్తు పెట్టించింది. ఇంకో పక్క, చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్ ప్రతినిధి పాల్ రయన్ తన రాష్ట్రం విస్కాన్సిన్‌లోని కంపెనీలకు అదే డబ్బు ఇప్పించమని లేఖలు రాసిన సంగతి 2012 ఎన్నికల్లో ఒప్పుకోక తప్పలేదు.

డెమోక్రాట్ల నియోజకవర్గాలకు ఇంచుమించు రెట్టింపు సొమ్ము వెళ్లిందని మెర్కేటస్ సెంటర్ అనే పరిశోధన సంస్థలో పనిచేసే వెరోనీక్ ద రూజీ 2010లో లెక్కలు చూపించారు. ఆ లెక్కలో ఒక చిక్కు బయటపడింది. రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లి, అక్కడి నుంచి ఊళ్లకు పంచే డబ్బంతా రాజధాని నగరం పేరునే రికార్డవుతుంది. రాజధానుల్లో డెమోక్రాట్లే ఎక్కువ గెలుస్తారు. తర్వాత జరిగిన అధ్యయనాల్లో పార్టీ ప్రభావం బలంగా కనిపించలేదు. ఎక్కువమందికి గుర్తున్నది సోలిండ్రా. సౌర ఫలకాలు చేసే ఈ కాలిఫోర్నియా కంపెనీకి 53.5 కోట్ల డాలర్ల రుణానికి ప్రభుత్వం పూచీ ఇచ్చింది. అది 2011లో దివాలా తీసింది. ఒబామాకు నిధులు సేకరించిన జార్జ్ కైజర్‌కు చెందిన ఫౌండేషన్ పెట్టుబడి అందులో ఉంది. రుణం ఆయన పలుకుబడితో వచ్చిందని రుజువు కాలేదు. కంపెనీ అధికారులే ప్రభుత్వాన్ని తప్పుదారి పట్టించారని, ఇంధన శాఖ పరిశీలన కూడా చాల్లేదని 2015లో ఆ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ తేల్చారు.

మొత్తం మీద 2009 సొమ్ములో మోసం భయపడినదానికంటే చాలా తక్కువ. దానికి కారణం ఎర్ల్ డెవనీ నాయకత్వంలో పెట్టిన పర్యవేక్షణ మండలి. ప్రతి పనినీ ఎవరైనా చూసేలా వెబ్‌సైటులో పెట్టారు. మొదట్లో, అసలు ఉనికిలోనే లేని నియోజకవర్గాల పేర్లు కూడా అందులో దర్శనమిచ్చినా తర్వాత సరిదిద్దారు. అమెరికా సంప్రదాయవాదుల ఆందోళనకు దొరికిన అసలైన జవాబు ఇదేనని నేను నమ్ముతాను.

2020లో కోవిడ్ వచ్చింది. 2.2 లక్షల కోట్ల డాలర్ల చట్టాన్ని సెనేట్ 96-0తో ఆమోదించింది. జనానికి పంపిన చెక్కుల మీద డొనాల్డ్ ట్రంప్ పేరు అచ్చయింది. ఆ డబ్బు మీద కాపలాకు నియమితుడైన గ్లెన్ ఫైన్‌ను ఏప్రిల్‌లో ఆ బాధ్యత నుంచి తప్పించారు. 2021లో బైడెన్ తెచ్చిన 1.9 లక్షల కోట్ల డాలర్ల చట్టానికి ఒక్క రిపబ్లికన్ ఓటూ పడలేదు. రెండోసారి అధ్యక్షుడైన ట్రంప్ 2025 జనవరి 24న, వివిధ శాఖల్లో ఖర్చును తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరళ్లను 17 మంది దాకా ఒకే రాత్రి తొలగించారు. ముప్పై రోజుల ముందు కాంగ్రెస్‌కు కారణాలు చెప్పాలని చట్టం అంటోంది, చెప్పలేదు. అయోవాకు చెందిన రిపబ్లికన్ సెనేటర్ చక్ గ్రాస్లీ, డెమోక్రాట్ డిక్ డర్బిన్‌తో కలిసి కారణాలేమిటో చెప్పమని లేఖ రాశారు. ఒబామా ఖర్చు మీద గళమెత్తిన రిపబ్లికన్లలో ఎక్కువమంది నోరు మెదపలేదు. ఆ మౌనం 2009లో వాళ్లు అన్న మాటలకు ఉన్న విలువను కూడా తీసేసింది.