పాత ఫౌంటెన్ పెన్నుల అసలు - నకిలీ నిర్ధారణ

ఒకరు వాడిన ఖరీదైన ఫౌంటెన్ పెన్నును మరొకరు కొనేటప్పుడు, అది నిజంగా దానిపై పేరున్న సంస్థ తయారుచేసినదేనా, దాని భాగాలన్నీ మొదటి నుండి ఉన్నవేనా అని పరిశీలించడాన్ని అసలు - నకిలీ నిర్ధారణ అంటారు. జర్మనీకి చెందిన మాంట్ బ్లాంక్, అమెరికాలో పుట్టిన పార్కర్ పెన్నుల విషయంలో ఈ అవసరం తరచుగా కలుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో రాజమహేంద్రవరం రత్నం పెన్నుల విషయంలో కూడా ఇదే ప్రశ్న వేరొక రూపంలో ఎదురవుతుంది.

మాంట్ బ్లాంక్ వంటి సంస్థల సొంత దుకాణాలు పెద్ద నగరాలకే పరిమితమైనందున, అనకాపల్లి వంటి పట్టణాలలో ఉండేవారు వాడిన పెన్నును చాలావరకు ఫొటోలు చూసి, అమ్మేవాని మాట నమ్మి కొనవలసి వస్తుంది. వేలాది రూపాయలు చెల్లించిన తరువాత అది నకిలీ అని తేలితే డబ్బు తిరిగి రాబట్టడం సులభం కాదు. కనుక పరీక్ష కొనుగోలుకు ముందే జరగాలి.

అసలు, నకిలీల మధ్య ఉండే రకాలు

వాడిన పెన్నులన్నింటినీ అసలువి, నకిలీవి అని రెండుగా విడదీయడం కుదరదు. సంస్థ పేరును, గుర్తును దొంగతనంగా వాడుకొని తయారుచేసినది నకిలీ. ఒక ప్రసిద్ధ నమూనా రూపాన్ని అనుకరించి, సొంత పేరుతో అమ్మేది పోలిక పెన్ను మాత్రమే. చైనాలోని షాంఘై నగరానికి చెందిన హీరో 100, వింగ్ సంగ్ 601 రూపంలో పార్కర్ 51ను పోలి ఉంటాయి గాని వాటిని నకిలీలు అనడం న్యాయం కాదు. వాటి మీది పేరు తీసివేసి పార్కర్ అని అమ్మితే అప్పుడు అది మోసం అవుతుంది.

మూడవది కలగలుపు పెన్ను. ఒక పెన్ను మూత, మరొక దాని గొట్టం, ఇంకొక దాని పాళీ కలిపి అమర్చినది ఇది. ఇందులోని ప్రతి భాగం అసలుదే కావచ్చు, కాని పెన్ను మొత్తంగా సంస్థ నుండి ఆ రూపంలో వెలువడినది కాదు. వ్రాసుకొనుటకు ఇది పనికివస్తుంది. సేకరణకు మాత్రం దీని విలువ తక్కువ. కొనేవారు ఎక్కువగా పొరబడేది ఈ రకం దగ్గరనే, ఎందుకంటే ఏ ఒక్క భాగాన్ని పరీక్షించినా అది అసలుదనే తేలుతుంది.

బిల్లు లేకపోవడం నకిలీకి సాక్ష్యం కాదు. స్వాతంత్ర్యానంతరం దిగుమతులపై ఆంక్షలున్న దశాబ్దాలలో విదేశీ పెన్ను ఒక అరుదైన కానుక. విదేశాల నుండి వచ్చిన బంధువులు తెచ్చి ఇచ్చిన పెన్నులు నేటికీ చాలా ఇళ్ళలో తాతగారి పెట్టెలో ఉన్నాయి, వాటికి కాగితం ముక్క కూడా ఉండదు. దీనికి భిన్నంగా నకిలీ పెన్నుతో పాటు నకిలీ పెట్టె, నకిలీ పూచీ పత్రం కూడా ముద్రించి ఇస్తారు. పెన్ను కంటే పెట్టెను గొప్పగా చూపించే అమ్మకందారు విషయంలో జాగ్రత్త వహించాలి.

మాంట్ బ్లాంక్ మైస్టర్‌స్టూక్

నకిలీలు అత్యధికంగా కనబడేది ఈ శ్రేణిలోనే. హాంబర్గ్ నగరానికి చెందిన ఈ సంస్థ మైస్టర్‌స్టూక్ శ్రేణిని 1924లో ప్రవేశపెట్టింది. దానిలో పెద్దదైన 149 నమూనా 1952లో వచ్చింది. మూత కొసన ఉండే తెల్లని ఆరు కోణాల గుర్తు 1913 నుండి వాడుకలో ఉంది, అది మంచు కప్పిన మాంట్ బ్లాంక్ శిఖరానికి సంకేతం. పాళీ మీద చెక్కే 4810 అనే అంకె ఆ శిఖరం ఎత్తు మీటర్లలో. (శిఖరంపై మంచు మందం మారుతుంటుంది గనుక అసలు ఎత్తు కూడా మారుతుంటుంది. 2023 కొలతలో అది 4805.59 మీటర్లుగా తేలింది. పాళీ మీది అంకె మాత్రం మారలేదు.)

నకిలీ తయారీదారు మొదట అనుకరించేది ఈ గుర్తును, ఈ అంకెనే. అందువలన అవి ఉన్నాయా అని కాక, ఎలా ఉన్నాయి అని చూడాలి. అసలు పెన్నులో తెల్లని గుర్తు మూత పదార్థంలోనే పొదిగినట్లు ఉంటుంది, కొసలు గుండ్రంగా ఉంటాయి, గోటితో రాస్తే అంచు తగలదు. నకిలీలో అది అతికించిన బిళ్ళగానో, పారదర్శకమైన జిగురు కింద ముద్రించిన బొమ్మగానో ఉంటుంది. మూత చుట్టూ ఉండే మూడు వలయాలలో మధ్య దానిపై సంస్థ పేరు, శ్రేణి పేరు ఉంటాయి. భూతద్దంతో చూస్తే అసలు అక్షరాల అంచులు స్పష్టంగా, లోతు సమంగా ఉంటాయి. జర్మన్ భాషలో మైస్టర్‌స్టూక్ అను పదంలోని యు అక్షరం మీద రెండు చుక్కలు ఉండాలి. ఆ చుక్కలు లేకపోయినా, పేరు వర్ణక్రమం తప్పినా ఇక వేరే పరీక్ష అక్కరలేదు.

క్లిప్పును మూతకు బిగించే వలయంపై క్రమసంఖ్య చెక్కడం 1990ల ఆరంభం నుండి జరుగుతున్నది. క్లిప్పు అడుగున పిక్స్ అను చిన్న మాట 1990ల చివరి నుండి చాలా నమూనాలపై కనబడుతుంది. ఇక్కడ రెండు విధాల పొరపాటు జరుగుతుంది. 1970లలో కొన్న పెన్నుకు క్రమసంఖ్య లేదని దానిని నకిలీగా తోసిపుచ్చడం మొదటిది. క్రమసంఖ్య ఉన్నది గనుక అసలుదేనని నమ్మడం రెండవది. ఒకే సంఖ్యను వందల నకిలీలపై చెక్కడం కష్టమైన పని కాదు. క్రమసంఖ్య ఉపయోగపడేది కాలనిర్ణయానికి. అమ్మేవాడు తన తండ్రి 1975లో కొన్నాడని చెబుతూ క్రమసంఖ్య గల మూతను చూపిస్తే, ఆ కథ తప్పు కావాలి లేదా ఆ మూత తరువాత మార్చినదై ఉండాలి.

గొట్టం పదార్థం మరింత నమ్మదగిన సాక్ష్యం. ఆధునిక 149, 146 నమూనాల నల్లని రెజిన్‌ను బలమైన టార్చి దీపం ముందు పెడితే చాలావరకు ముదురు ఎరుపు రంగు కాంతి లోపల నుండి కనిపిస్తుంది. నకిలీలలో ఎక్కువ భాగం ఇత్తడి గొట్టానికి నల్ల పూత వేసినవి కావడం వలన వాటి గుండా వెలుగు రాదు, చేతిలో బరువుగా ఉంటాయి. బరువుగా ఉన్నది ఖరీదైనదని మనవారిలో ఒక భావన ఉంది, నకిలీదారులకు అది బాగా కలిసివస్తుంది. నిజానికి 149 పెన్ను సుమారు 30 గ్రాములు మాత్రమే తూగుతుంది.

సిరా నింపే పద్ధతిని తప్పక చూడాలి. 149, 146 రెండూ పిస్టన్‌తో పనిచేస్తాయి. వెనుక బిరడాను తిప్పితే లోపలి పిస్టన్ కదిలి సీసా నుండి సిరాను పీల్చుకుంటుంది, గొట్టంపై సిరా మట్టం చూపే కిటికీ ఉంటుంది. గొట్టం మరను విప్పగానే లోపల కాట్రిడ్జి గాని, తీసివేయగల కన్వర్టర్ గాని ఉంటే అది 149 కాదు. అయితే అదే శ్రేణిలోని 145 నమూనా కాట్రిడ్జితోనే పనిచేస్తుంది. కనుక నమూనా సంఖ్య తెలియకుండా ఈ పరీక్షకు దిగరాదు. పిస్టన్ విప్పి చూడాలనే ఉత్సాహం కూడా వద్దు, దానికి ప్రత్యేకమైన పనిముట్టు అవసరం.

పాళీ

పాళీ పరీక్ష అన్ని సంస్థల పెన్నులకు వర్తిస్తుంది. బంగారు పాళీపై 14 కేరట్లకు 585 అని, 18 కేరట్లకు 750 అని ముద్ర ఉంటుంది. బంగారం మెత్తనిది గనుక కాగితానికి తగిలే కొసన గట్టి మిశ్రమ లోహపు చిన్న గుండును అతుకుతారు. భూతద్దంలో ఆ గుండు, దాని మధ్యగా పోయే చీలిక రెండూ స్పష్టంగా కనబడాలి. పాళీపై ఇరిడియం పాయింట్ జర్మనీ అని మాత్రమే ఉంటే అది సాధారణ స్టీలు పాళీ, ప్రసిద్ధ సంస్థల బంగారు పాళీలపై ఆ మాట ఉండదు.

అయస్కాంతం పరీక్ష సులభమైనది. పాళీ అయస్కాంతానికి అంటుకుంటే అది బంగారం కాదు. అంటుకోకపోతే బంగారమేనని చెప్పలేము, ఎందుకంటే కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అయస్కాంతానికి స్పందించదు. గీటురాయిపై గీయడం, ఆమ్లం వేయడం వంటి కంసాలి పద్ధతులు పాళీని పాడుచేస్తాయి. నగల దుకాణాలలోను, హాల్‌మార్కు కేంద్రాలలోను ఉండే ఎక్స్ కిరణాల యంత్రంతో పాళీకి హాని లేకుండా లోహపు పాళ్ళు తెలుసుకోవచ్చు.

రంగు ఒక్కటే చూసి నిర్ణయించడం మాత్రం అన్నింటికంటే బలహీనమైన పద్ధతి. అనకాపల్లి బెల్లం అంగడి సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. హైడ్రోస్ కలిపిన బెల్లమే ఎక్కువ పసుపుగా మెరుస్తుంది.

పార్కర్ 51

ఈ నమూనా 1941లో అమ్మకానికి వచ్చింది. పార్కర్ సంస్థ 1888లో ఆరంభమైనందున 51వ సంవత్సరమైన 1939లో రూపకల్పన పూర్తయినదని ఆ పేరు పెట్టారు. పాళీ కొస తప్ప మిగిలినదంతా గొట్టం లోపల దాగి ఉండటం దీని లక్షణం. దాగి ఉన్నది గనుక మోసానికి అవకాశం కూడా అక్కడే ఎక్కువ. 1948 వరకు వాక్యుమాటిక్ పద్ధతిలోను, ఆపై ఏరోమెట్రిక్ పద్ధతిలోను సిరా నింపుకునేవిధంగా తయారుచేశారు. రెండవ రకంలో గొట్టం విప్పితే లోహపు తొడుగు, దానిలో నొక్కే మీట, తొడుగుపై సిరా నింపే విధానం గురించిన మాటలు కనిపిస్తాయి.

2021లో పార్కర్ ఇదే పేరుతో కొత్త పెన్నును విడుదల చేసింది. దానికి మూత మరతో తిరుగుతుంది, కాట్రిడ్జి గాని కన్వర్టర్ గాని పడుతుంది. పాత 51కి మూత నెట్టితే పడుతుంది, మర ఉండదు. కొత్తదానిని పాతదని అమ్మేవారిని ఈ ఒక్క తేడాతో పట్టుకోవచ్చు. పార్కర్ పెన్నుపై భారతదేశంలో తయారైనదని వ్రాసి ఉండటం నకిలీకి గుర్తు కాదు. 1996 నుండి లక్సర్ సంస్థ అనుమతితో ఇక్కడ పార్కర్ పెన్నులను తయారుచేసింది.

గాంధీ పేరిట పరిమిత ముద్ర

కొన్ని పెన్నులను సంస్థలు నిర్ణీత సంఖ్యలో మాత్రమే చేసి ఒక్కొక్కదానికి వరుస సంఖ్య ఇస్తాయి. మాంట్ బ్లాంక్ 2009లో మహాత్మా గాంధీ పేరిట 241 పెన్నులు చేసింది, దండి యాత్ర దూరం 241 మైళ్ళని ఆ సంఖ్యను ఎంచుకున్నది. ఒక్కొక్కటి ధర సుమారు 11.39 లక్షల రూపాయలు. నిరాడంబరతకు మారుపేరైన వ్యక్తి బొమ్మను అటువంటి వస్తువుపై చెక్కడం విమర్శలకు గురైంది. కేరళ హైకోర్టులో వ్యాజ్యం నడిచి 2010లో దేశంలో అమ్మకం నిలిచిపోయింది. ఇటువంటి పెన్నుల విషయంలో వరుస సంఖ్యే ముఖ్యం. ఒకే సంఖ్య గల రెండు పెన్నులు బయటపడితే వాటిలో కనీసం ఒకటి నకిలీ.

రత్నం పెన్నులు

గాంధీ మెచ్చిన పెన్ను మాత్రం రాజమహేంద్రవరంలో తయారైనది. అనకాపల్లి మీదుగా పోయే రైలు మార్గంపైనే ఉన్న ఆ నగరంలో కె.వి.రత్నం 1930ల ఆరంభంలో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన జె.సి.కుమారప్ప ద్వారా ఆయన పంపిన పెన్ను అందినదని, అది విదేశీ పెన్నులకు బదులుగా వాడదగినదని తెలుపుతూ గాంధీ 1935 జూలై 16న వార్ధా నుండి ఉత్తరం వ్రాశారు.

పైన చెప్పిన విదేశీ పెన్నుల పరీక్షలు రత్నం పెన్నుకు చాలావరకు పనికిరావు. ఇది లేతు యంత్రంపై చేతితో తీర్చినది. ఒకే నమూనాకు చెందిన రెండు పెన్నుల కొలతలు అచ్చంగా ఒకటి కానవసరం లేదు. యంత్రాగారపు పెన్నులో లోపమనిపించే స్వల్ప భేదం ఇక్కడ సహజ లక్షణం. రాజమహేంద్రవరంలోనే రత్నంసన్, గైడర్ పేర్లతో కూడా ఎబొనైట్ పెన్నులు తయారైనందున, పేరు చెరిగిపోయిన పెన్నును రత్నం అని చెప్పి చూపినపుడు తొందరపడరాదు.

ఎబొనైట్ అనేది రబ్బరుకు గంధకం కలిపి వేడిచేయగా వచ్చే గట్టి పదార్థం. గుడ్డతో గట్టిగా రుద్దితే గంధకం వాసన లీలగా వస్తుంది, ప్లాస్టిక్కుకు ఈ వాసన ఉండదు. వెలుతురు తగిలిన నల్ల ఎబొనైట్ సంవత్సరాలు గడిచేకొద్దీ గోధుమ, ఆకుపచ్చ ఛాయలకు మారుతుంది. మూత కింద దాగి ఉన్న భాగం నల్లగాను, బయటి భాగం గోధుమగాను ఉంటే అది వయసుకు మంచి సాక్ష్యం. డెబ్బై ఏళ్ళ పెన్ను అంతటా నిగనిగలాడుతుంటే దానిని ఇటీవల సానపట్టి ఉండాలి. అది మోసం కాదు గాని, ఆ సానలో గొట్టం మీది పేరు, చెక్కడపు పని అరిగిపోతాయి. కాల్చిన సూదితో గుచ్చి వాసన చూడటం, వేడినీటిలో ముంచడం చేయరాదు. మొదటిది మచ్చ మిగులుస్తుంది, రెండవది రంగును చెడగొడుతుంది. పాత పెన్ను సెల్యులాయిడ్‌తో చేసినదైతే సూది పరీక్ష ప్రమాదకరం కూడా, ఆ పదార్థం సులభంగా అంటుకుంటుంది.

చాలామంది రత్నం పెన్నుపై తమ పేరు చెక్కించుకునేవారు. సాధారణంగా ఇతరుల పేరున్న పెన్నుకు ధర తగ్గుతుంది. కాని పేరు, దానితో సరిపోలే కుటుంబ చరిత్ర, పాత ఉత్తరం లేదా ఫొటో ఉన్నపుడు ఆ చెక్కడమే క్రమసంఖ్య చేయలేని పని చేస్తుంది.

దూరం నుండి కొనుగోలు, చట్టం

చూడకుండా కొనేటప్పుడు పాళీ పైభాగం, పాళీ కింది నాలుక, మూత వలయం, క్లిప్పు అడుగు, విప్పిన గొట్టం, ఇవి విడివిడిగా పగటి వెలుతురులో తీసిన ఫొటోలు అడగాలి. వాటిలో ఒకదానిపై ఆ రోజు తేదీ వ్రాసిన కాగితం పెట్టి తీయమంటే, మరొకరి ఫొటోలు వాడుతున్నారా అన్నది తెలుస్తుంది. అమ్మేవారితో పెన్ను పేరు, నమూనా, అసలుదేనన్న మాట వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. వస్తువుల విక్రయ చట్టం, 1930 లోని 15వ సెక్షను ప్రకారం వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. ఫోనులో చెప్పిన మాటను నిరూపించడం కష్టం.

తప్పుడు వ్యాపార చిహ్నం గల వస్తువును అమ్మడం ట్రేడ్ మార్కుల చట్టం, 1999 ప్రకారం నేరం. దానికి ఆరు నెలల నుండి మూడు సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. నకిలీ అని తెలిసిన తరువాత కొన్నవారే దానిని అసలుదని మరొకరికి అమ్మితే ఈ చట్టం వారికీ వర్తిస్తుంది. తెలిసి చేసిన మోసానికి 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను వర్తిస్తుంది. అంతకు ముందు జరిగిన వాటికి భారత శిక్షాస్మృతి 420వ సెక్షను ఉండేది.