కాంచనబురి శ్మశానం – పేర్లు దక్కినవారు, దక్కనివారు

థాయిలాండులో బాంకాక్‌కు పడమరగా కాంచనబురి అనే పట్టణం ఉంది. అక్కడ రెండవ ప్రపంచ యుద్ధంనాటి సైనిక శ్మశానం చూడదగినది. కామన్‌వెల్తు సైనికులు ఐదువేలకు పైగా, డచ్చివారు దాదాపు 1,900 మంది అక్కడ ఉన్నారు. అధికారికైనా జవానుకైనా ఒకే కొలత కంచు ఫలకం. నిర్వహణ 1917లో ఏర్పడిన వార్ గ్రేవ్స్ కమిషన్‌ది. అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 మంది పేర్లు కూడా ద్వారమండపంలో చెక్కి ఉన్నాయి.

జపాను సైన్యం 1942–43లో సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. ఆ పనిలో సుమారు 13,000 మంది యుద్ధఖైదీలు చనిపోయారు. దారి పొడుగునా పూడ్చిన ఆ దేహాలను యుద్ధానంతరం వెతికి, కాంచనబురి, చుంగ్‌కై, తన్‌బ్యూజయాట్ శ్మశానాలకు చేర్చారు. అమెరికన్లను మాత్రం స్వదేశానికి తీసుకుపోయారు.

అదే దారిలో చనిపోయిన ఆసియా కూలీలు 80,000 నుంచి లక్ష దాకా ఉంటారని అంచనా. బర్మీయులు, జావావారు, మలయా రబ్బరు తోటలనుంచి తరలించిన భారతీయులు అందులో ఉన్నారు. తోటలవారిలో తమిళులు ఎక్కువ. మన తెలుగువారూ ఉన్నారు.

ఇంత తేడా ఎందుకు వచ్చింది? వైద్యుడిగా నాకు తోచేది ఇది. మలేరియా, విరేచనాలు, బెరిబెరి, కాళ్ళపుండ్లు అందరికీ వచ్చాయి. 1943 వానల్లో కలరా అందరినీ పట్టింది. కాని ఖైదీలకు సొంత డాక్టర్లున్నారు. మందులు లేకపోయినా నీళ్ళు కాయించారు, మరుగుగోతులు తవ్వించారు, రోగులను వేరుగా ఉంచారు, వెదురు గొట్టాలతో ఉప్పునీరు నరాలకు ఎక్కించారు. చనిపోయినవారి జాబితాలు కాపలావారి కళ్ళుగప్పి దాచారు. కూలీల శిబిరాల్లో చాలాచోట్ల డాక్టరూ లేడు, జాబితా రాసే మనిషీ లేడు. కూలీలు సైనికులు కారు గనుక కమిషన్ బాధ్యతలోకీ రాలేదు.

జాబితా ఉన్నవారికి ఫలకం దక్కింది. లేనివారు ఇంటివాళ్ళ జ్ఞాపకంలోనే మిగిలారు. ఆ తరమూ వెళ్ళిపోతోంది. మలయాతో బంధుత్వమున్న కుటుంబాలు మన సభ్యులలో ఉంటే, "సయాం రైలు పనికి పోయి తిరిగిరాలేదు" అని ఇంట్లో చెప్పుకున్న వారి పేరు, ఊరు, తోట పేరు రాసిపెట్టమని మనవి. ఆలస్యంగానైనా అదీ ఒక జాబితాయే.