గొఱ్ఱె పేరిటి ద్రాక్ష

రాజులకును రాజ్యములకును చరిత్ర కలదని మనమెల్లరమును ఎఱుగుదుము. పొలములోని తీగకును చరిత్ర కలదని చెప్పుటకై నేడు మీ యెదుటికి వచ్చితిని. ఇటలీ దేశమున ఆడ్రియాటిక్ సముద్రపు వైపున మార్కే, అబ్రుజ్జో అను రెండు సీమలు కలవు. పెకొరీనో అను తెల్ల ద్రాక్షజాతికి అవి నెలవులు. దానినుండి దిగు మద్యమును నేను చవిచూచినవాడను గాను. దాని వృత్తాంతమే నాకు రుచించినది.

ముందుగా పేరు విచారింతము. ఇటలీ భాషలో ‘పెకొరా’ యనగా గొఱ్ఱె. లాటినులోని ‘పెకుస్’ దీనికి మూలము. ఆ శబ్దమును మన ‘పశు’ శబ్దమును ఒక్క ధాతువంశమున జనించినవని భాషావేత్తలు నిర్ణయించిరి. ధనమునకు లాటినులో ‘పెకూనియా’ యను పేరు వచ్చుటయు ఇందుండియే. గొఱ్ఱెపాలతో చేయు చీజునకును ఇటలీలో పెకొరీనో యనియే పేరు. ఆ రెండింటికిని పేరున తప్ప పొత్తు లేదు. కొండలనుండి మందలను తోలుకొనివచ్చు కాపరుల త్రోవలో గొఱ్ఱెలు ఈ పండ్లను ఆశతో మేసెడివని జనశ్రుతి. జనశ్రుతిని జనశ్రుతిగనే గ్రహింపవలెను. అయినను ఈ జాతి త్వరగా పండుననుటయు, పండిన గింజ మిక్కిలి తీపి యనుటయు నిజము.

ఇట్టి జాతి యేల మఱుగుపడెను? దీని గుత్తులు చిన్నవి, కాపు తక్కువ. మార్కే సీమలో తరతరములుగా మెద్జాద్రియా యను పాలుసేద్యము సాగినది. పంటలో సగము భూస్వామికి కొలిచి, మిగిలిన సగముతో కుటుంబమును పోషించుకొను రైతు రాశినే చూచును గాని నాణ్యమును చూడజాలడు. దీనికి తోడు ఫిలాక్సెరా యను పురుగు 1879లో ఇటలీలో మొదట కనబడి, క్రమముగా తోటలను పాడుచేసెను. మరల నాటునపుడు రైతులు త్రెబ్బియానో వంటి విస్తారముగా కాచు జాతులను కోరిరి. 1964 నాటి శాసనము క్రొత్త మెద్జాద్రియా ఒడంబడికలను నిషేధించినది. కాని అప్పటికే పెకొరీనో తోటలనుండి దాదాపుగా తొలగిపోయినది. కనుక దీనిని విడిచిన రైతును నిందింపరాదు. ఆకలి యెఱిగినవాడు చేసిన నిర్ణయమది.

1980 తరువాతి యేండ్లలో రీపాత్రన్సోనే వాస్తవ్యుడగు గుయిదో కొచ్చి గ్రిఫోని ఈ జాతిని వెదకుచు అర్క్వాతా దెల్ త్రోంతో కొండలకు పోయెను. అచట సుమారు 1000 మీటర్ల యెత్తున ఒక వృద్ధుని తోటలో పాత తీగలు మిగిలియుండెను. వానినుండి కొమ్మలు తెచ్చి తన తోటలో పెంచెను. 1990 నాటి పంటతో కేవలము పెకొరీనో రసముచే మద్యము సిద్ధమయ్యెను. 2001లో ఓఫీదా సీమ పేరిట దీనికి ప్రభుత్వపు గుర్తింపు లభించినది. 2011లో అది అత్యున్నత శ్రేణికి చేరెను.

ద్రాక్షను గింజనుండి మొలిపించినచో తల్లి గుణములు యథాతథముగా నిలువవు. కొమ్మ నాటినప్పుడే జాతి నిలుచును. అనగా నేటి తీగ పూర్వపు తీగకు ప్రతి. తాళపత్ర గ్రంథములును ఇట్లే గదా! తాటియాకు శిథిలమగునంతలో మఱియొకడు ప్రతి వ్రాసినయెడల గ్రంథము బ్రదుకును. లేనియెడల పేరు మాత్రమే మిగులును.

2016 ఆగష్టు 24వ తేదీని మధ్య ఇటలీలో భూకంపము కలిగి దాదాపు 300 మంది మృతినొందిరి. అర్క్వాతా గ్రామము తీవ్రముగా దెబ్బతినెను, దాని చెంతనున్న పెస్కారా దెల్ త్రోంతో గ్రామము నేలమట్టమయ్యెను. ఆ కొండలనుండి అంతకు ముప్పదియేండ్లకు పూర్వమే కొనిపోబడిన కొమ్మల సంతతి మాత్రము నేడు రెండు సీమలలోను కాయుచున్నది.

మీ యిండ్లలో పాత విత్తనములున్నను, పాత వ్రాతప్రతులున్నను, ఎఱిగిన పెద్దలు జీవించియుండగనే వాని వివరమడిగి, ఒక ప్రతి వేఱొకచోట నుంచుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.