డాన్ డేర్ ఆకాశానికి ఎగిరింది తిండిగింజల కోసం

ఎప్పుడూ విత్తనాలు, ఎరువులు, రేట్లు మాట్లాడుకునే మనం ఈరోజు ఒక ఇంగ్లీషు బొమ్మల కథ గురించి మాట్లాడుకుందాం. దానితో మనకేం పని అనుకోకండి, చివరిదాకా చదవండి. ఇది తిండిగింజల కథే.

మనకి చిన్నప్పుడు చందమామ ఎలాగో, 1950ల్లో ఇంగ్లండు పిల్లలకి ఈగిల్ అనే వారపత్రిక అలాగ. దాని మొదటి పేజీలోనే రంగుల్లో కనిపించేవాడు డాన్ డేర్, అంతరిక్ష నౌక నడిపే హీరో. ఇప్పుడు అతని పేరు చెప్తే రాకెట్లు, పెద్ద బుర్రతో గాల్లో తేలుతూ తిరిగే పచ్చరంగు విలన్ మెకాన్ గుర్తొస్తారు. అసలు మొదటిసారి ఎందుకు ఎగిరాడు అన్నది మాత్రం వెనకబడిపోయింది.

మొదటి సంచిక 1950 ఏప్రిల్ 14న వచ్చింది. కథ జరిగేది మాత్రం 1990ల్లో. భూమ్మీద జనం పెరిగిపోయారు, తిండి చాలడం లేదు. శుక్రగ్రహం మీద తిండి దొరుకుతుందేమో చూసి రమ్మని నౌకలు పంపుతుంటే అవి చేరకుండానే పేలిపోతున్నాయి. అప్పుడు డాన్ డేర్ బయల్దేరతాడు. అతనితో వెళ్ళేవాళ్ళలో ప్రొఫెసర్ పీబాడీ ఉంటుంది. ఆవిడ మొక్కలు, వ్యవసాయం చదివిన మనిషి. వచ్చింది ఆడమనిషి అని చూసి పెద్దాఫీసరు చిరాకు పడతాడు కూడా. చూశారా, రాకెట్‌లో తుపాకీ పట్టినవాళ్ళతో పాటు పంటలు తెలిసినవాళ్ళకీ సీటు ఇచ్చారు.

ఈ ఆలోచన గాల్లోంచి ఊడిపడలేదు. రెండో ప్రపంచ యుద్ధం 1945లో అయిపోయినా ఇంగ్లండులో రేషను పోలేదు. యుద్ధం జరిగినన్నాళ్ళూ రేషను లేని రొట్టెకి కూడా యుద్ధం అయ్యాక, 1946 నుంచి 1948 దాకా రేషను పెట్టారు. 1949 ఏప్రిల్‌లో మిఠాయిల మీద రేషను ఎత్తేస్తే జనం ఎగబడి కొట్లు ఖాళీ చేశారు, నాలుగు నెలలకే మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. అంటే ఈగిల్ మొదటి సంచిక కొన్న పిల్లాడికి చాక్లెట్ కొనాలంటే డబ్బులుంటే చాలదు, కూపన్ కూడా ఉండాలన్నమాట. మాంసం మీద రేషను 1954 జూలైలో గానీ పోలేదు. ప్రపంచంలో పెద్ద భాగాన్ని ఏలిన దేశం పరిస్థితి ఇది! అలాంటి ఇంటి పిల్లలకి తిండి వెతకడానికి వెళ్ళే హీరో ఎందుకు నచ్చడు చెప్పండి. మొదటి సంచిక దాదాపు 9 లక్షల ప్రతులు అమ్ముడైంది.

దీన్ని పుట్టించినవాళ్ళు ఇద్దరు. ఒకరు మార్కస్ మోరిస్, సౌత్‌పోర్ట్ ఊరి దగ్గర చర్చి ఫాదరు. అమెరికా నుంచి వస్తున్న హింస, భయం నిండిన బొమ్మల పుస్తకాలు పిల్లల్ని పాడు చేస్తున్నాయని బాధపడి, మంచి పత్రిక పెట్టాలని లండన్‌లో ప్రచురణకర్తల చుట్టూ తిరిగాడు. రెండో ఆయన ఫ్రాంక్ హాంప్సన్, బొమ్మలు గీసినాయన. యుద్ధంలో సైన్యంలో ఉండి, బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ దగ్గర జర్మన్ల వీ-2 రాకెట్లు కళ్ళారా చూశాడు. మనుషుల్ని చంపడానికి చేసిన ఆ రాకెట్‌నే తన కథలో తిండి వెతకడానికి పంపాడు.

ఇంకో ముచ్చట. మొదట్లో ఆ బొమ్మలు గీసిన చోటు ఒక పాత రొట్టెల బట్టీ! అందులోనే మనుషులకి వేషాలు వేసి, ఫొటోలు తీసి, నమూనాలు చేసుకుని ఒక్కో పేజీ గీసేవారు. పెద్దాఫీసరు బొమ్మకి హాంప్సన్ వాళ్ళ నాన్నే నమూనా.

ఇక్కడి నుంచి కథ మనకి బాగా తెలిసిందే. డాన్ డేర్ మీద హక్కులు గీసినాయనవి కావు, పత్రిక యాజమాన్యానివి. హీరో పేరుతో బొమ్మలు, ఆటవస్తువులు బోలెడు అమ్ముడయ్యాయి. హాంప్సన్‌ది మాత్రం కౌలు రైతు బతుకే. చాకిరీ తనది, పట్టా ఇంకొకరిది. పత్రిక చేతులు మారింది, ఆయన 1959లో డాన్ డేర్‌ని వదిలేశాడు. తర్వాత ఒక కాలేజీలో టెక్నీషియన్‌గా పనిచేశాడు. 1975లో ఇటలీలోని లుక్కాలో పెద్ద గౌరవం ఇచ్చారు గానీ, హక్కులు చేతికి రాలేదు. 1985లో కన్నుమూశాడు.

కడుపు నిండాక రాకెట్ గుర్తుంటుంది, గింజ గుర్తుండదు. హీరో గుర్తుంటాడు, గీసిన చెయ్యి గుర్తుండదు. మన బియ్యం బస్తా మీద కూడా మిల్లు పేరే కదా ఉండేది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు రేషను రోజుల గురించి, అమెరికా గోధుమల రోజుల గురించి చెప్పినవి ఉంటే కింద రాయండి. అవి కూడా మరుగున పడకముందే.