యానాం భారతదేశములో కలిసిన విధము

1947 ఆగస్టు 15న చుట్టుపక్కల తెలుగు గ్రామములన్నిటిపై త్రివర్ణ పతాకము ఎగిరినది. గోదావరి ఒడ్డున, కాకినాడకు చేరువలోనున్న యానాంపై మాత్రము ఫ్రెంచి జెండాయే నిలిచినది. దానిని దింపుటకు ఏడేండ్లు పట్టినది. కాగితముపై వ్యవహారము ముగియుటకు పదిహేనేండ్లు పట్టినది.

ఇంత ఆలస్యమేల? 1946 నాటి ఫ్రెంచి రాజ్యాంగము ప్రకారము ప్రజల సమ్మతి లేనిదే ఏ భూభాగమును వదులుకొనరాదు. అందువలన 1948 జూన్‌లో ఉభయ ప్రభుత్వములు ప్రజాభిప్రాయ సేకరణకు ఒప్పుకొన్నవి. 1949లో చంద్రనగరు ప్రజలు అత్యధిక సంఖ్యలో భారతదేశమునే కోరుకొన్నారు. తక్కిన పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాంల విషయములో చిక్కు వచ్చినది. ఫ్రెంచి పోలీసుల నీడలో ఓటు న్యాయముగా జరుగదని మన ప్రభుత్వము వాదించినది. మాటలు సాగినవేగాని పని సాగలేదు.

1954 మే నెలలో వియత్నాంలోని దియన్ బియన్ ఫూ కోట ఫ్రెంచివారి చేజారినది. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున వాలంటీర్లు యానాంలో ప్రవేశించి పాలనను చేతికి తీసుకొన్నారు. దౌత్యవేత్తల సంతకముల కొరకు వారు కాచుకొని కూర్చుండలేదు! కొద్ది దినములకే పారిస్‌లో మెండెస్ ఫ్రాన్స్ ప్రధాని అయినారు. చర్చలు వేగము పుంజుకొన్నవి.

అక్టోబరు 18న కీళూరు గ్రామములో 178 మంది ప్రజాప్రతినిధులు సమావేశమైనారు. 170 మంది విలీనమునకు అనుకూలముగాను, 8 మంది ప్రతికూలముగాను ఓటు వేసినారు. ఇది నేరుగా ప్రజలు వేసిన ఓటు కాదన్నమాట దాచనక్కరలేదు. అయినను ఇరుపక్షములకు గౌరవము దక్కిన మార్గమిదేనని మా అభిప్రాయము. నవంబరు 1న పాలన భారతదేశమునకు వచ్చినది.

1956 మే 28న ఢిల్లీలో సంధిపై సంతకములైనవి. దానిని ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించుటకు 1962 వరకు పట్టినది. ఆ యేట ఆగస్టు 16న సంధి అమలులోనికి వచ్చినది. అంతవరకు మన అధికారుల పాలనలో ఉండియు యానాంవారు చట్టరీత్యా ఫ్రెంచి జాతీయులే! ఫ్రెంచి జాతీయతను నిలుపుకొనగోరువారు ఆరు నెలలలో వ్రాతమూలకముగా తెలుపవలెను. తెలుపని వారు భారతీయులైనారు.